కరెంటు తేడా

అడుగున నాలుగు రబ్బరు కాళ్లలో మూడే ఉన్నాయి,
నాలుగోదాని చోట సోడా మూత.
బెనహరు మాస్టారు దాన్ని బల్ల మీద పెట్టలేదు.
ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నారు,
కోడిని అమ్మడానికి సంతదాకా తెచ్చి
మనసు మారిన మనిషిలా.

ఎకో పెట్టె.
గిటార్ ఒక మాటంటే
లోపలి టేపు దాన్ని విని, కాస్త దూరం మోసుకెళ్లి
అదే మాట కొంచెం మెత్తగా మళ్లీ అనేది.
ఆర్కెస్ట్రా ఆగిపోయాక
ఇరవై రెండేళ్లు మంచం కింద ఉంది.

మూత తీశాను.
బ్రాడీపేట రెండో లైన్లో మధ్యాహ్నం.
మిర్చి లారీ ఏదో దారి తప్పి ఇటు వచ్చినట్టుంది,
ఇద్దరం తుమ్మాం.
హెడ్డు మీద స్పిరిట్ దూది రుద్దితే ఎర్రగా వచ్చింది.
ఈ ఊళ్లో ఎర్రటిది ఏదైనా అనుమానించాల్సిందే కనుక
నాలుక చివర ఆనించి చూశాను.
కారం లేదు.
టేపు ఒంటి మీంచి రాలిన తుప్పు అది,
ఎన్ని పందిళ్ల పాటలో, పొడి పొడిగా.

రోలర్ రబ్బరు బెల్లంపాకమై అతుక్కుపోయింది.
కెపాసిటర్లు రెండు ఉబ్బాయి.
ఎర్త్ తీగ ఎవరో మొదలంటా కత్తిరించారు.
"నేనే," అన్నారు మాస్టారు, "చిలకలూరిపేటలో. గుయ్యిమంటా ఉంటే."
మరి షాకు కొట్టదా?
"కొట్టేది. పాడేవాడికి."

పాత స్పూలు లోంచి టేపు తీసి
బ్లేడుతో ఏటవాలుగా కోసి, అతికి,
అతుకు తెలుస్తోందేమోనని కళ్లు మూసుకుని తడిమాను.
మూడో రోజుకి తిరిగింది.
నాకైతే బాగుంది.
ఆయన ఒక తీగ మీటి ఆగారు. మళ్లీ మీటారు.
"తొందరపడతా ఉందయ్యా మౌలాలీ."

మోటారు విప్పి నూనె వేశాను.
టేపు మీద సుద్దతో గుర్తు పెట్టి
స్టాప్‌వాచీతో చుట్లు లెక్కపెట్టాను.
కంపెనీ చెప్పిన వేగమే. వెంట్రుకవాసి తేడా లేదు.
"తొందరపడతా ఉంది."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని
తిరిగే ఫ్యాను చూస్తుంటే తట్టింది.
ఆ రోజుల్లో సాయంత్రం ఏడైతే
పంపులూ మిక్సీలూ ఊరి దీపాలూ ఒక్కసారే లేచేవి.
సెకనుకి యాభైసార్లు కొట్టుకోవలసిన కరెంటు
నలభై ఎనిమిది కొట్టుకుని ఆయాసపడేది.
మోటారూ దాంతోపాటే ఈడిగిలబడేది.
పందిట్లో పాట ఎప్పుడూ సాయంత్రమే కదా.
పదహారేళ్లు ఆయన వేళ్లు
ఆ ఆయాసానికే తాళం కట్టుకున్నాయి.
ఇప్పుడు కరెంటు బాగుపడింది.
ఆయన వేళ్లకి ఎవరూ చెప్పలేదు.

కరెంటుని మళ్లీ చెడగొట్టడం నా వల్ల కాదు.
హెడ్డుకీ హెడ్డుకీ మధ్య పది సెంటీమీటర్లు.
వందకి నాలుగు. అంటే నాలుగు మిల్లీమీటర్లు.
ఆకురాయితో రేకు కంత సాగదీస్తుంటే చెయ్యి వణికింది,
ఏ దేశంలోనో మా తాత వయసువాడు
కొలిచి కొట్టిన కంత అది.
జరిపి, బిగించి, కబురు పెట్టాను.

మాస్టారు చెప్పులు విడిచి మీటారు.
తల అడ్డంగా ఊపలేదు. నిలువుగానూ ఊపలేదు.
మొదటి తీగ తిరిగొచ్చేదాకా ఆగి
అప్పుడు రెండోది మీటారు,
కబుర్ల మధ్యలో లోపలికెళ్లిన నేస్తం
మంచినీళ్లు తాగొచ్చి కూర్చునేదాకా
మాట పట్టుకుని ఉన్నవాడిలా.
ఎంతసేపు వాయించారో చూడలేదు.
టీ రెండుసార్లు చల్లారింది.

బిల్లు రాయమన్నారు.
రోలర్ ఇంత. కెపాసిటర్లు ఇంత. టేపు ఊరికే.
ఆ నాలుగు మిల్లీమీటర్లకి ఏం పేరు పెట్టాలో తోచక
పెన్ను కొస కొరికి, కొరికి,
'కరెంటు తేడా' అని రాసి
ఎదురుగా నూటయాభై వేశాను.
ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి
"ఇది నేను కట్టాలా, కరెంటాఫీసు కట్టాలా?" అన్నారు.
జవాబు చెప్పబోతే
తుమ్మొచ్చింది.